ఆ పన్నెండు నిమిషాలు ఎవరివి?

వెనక వరుసలో వాళ్లకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

ముందు ఒక ప్రశ్న. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో మీకు ఇష్టమైన జట్టు ఏదైనా కావచ్చు. లేకర్స్, వారియర్స్, నిక్స్, ఎవరైనా సరే. ఆ జట్టు స్టార్టింగ్ ఫైవ్, అంటే మ్యాచ్ మొదలుపెట్టే ఐదుగురి పేర్లు తడుముకోకుండా చెప్పగలిగేవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. బాగుంది, చాలామందే ఉన్నారు. ఇప్పుడు రెండో ప్రశ్న. రెండో క్వార్టర్, అంటే మ్యాచ్‌లో రెండో పన్నెండు నిమిషాల భాగం, మొదలయ్యేటప్పుడు అదే జట్టు తరఫున కోర్టు మీద ఉండే ఐదుగురు ఎవరు? ... చూశారా, చేతులన్నీ దిగిపోయాయి. ఆ దిగిపోయిన చేతుల గురించే ఇవాళ నేను మాట్లాడతాను.

మనం అభిమానులం. మనకి వాదించుకోవడం ఇష్టం. "వాణ్ని స్టార్ట్ చేయించాలి, వీణ్ని బెంచ్ మీద కూర్చోబెట్టాలి, కోచ్‌కి బుర్ర లేదు" అంటూ గంటలు గంటలు వాదిస్తాం. తప్పేం లేదు, నేనూ వాదిస్తాను. కానీ మన వాదనలో నూటికి తొంభై పాళ్లు ఆట మొదలెట్టే టిప్-ఆఫ్ దగ్గర ఎవరు నిలబడతారన్న దాని మీదే నడుస్తుంది. అసలు ఆ ఐదుగురూ కలిసి ఆడేది ఎంతసేపు? ఎప్పుడైనా లెక్క వేశారా?

వేద్దాం. మ్యాచ్ 48 నిమిషాలు. సీజన్‌కి 82 మ్యాచ్‌లు. ఓవర్‌టైమ్‌లు పక్కన పెడితే మొత్తం 3,936 నిమిషాలు. 2024-25 సీజన్ తీసుకోండి. ఆ ఏడాది లీగ్ మొత్తంలో అందరికన్నా ఎక్కువసేపు కలిసి ఆడిన ఐదుగురు నిక్స్ వాళ్లు. జాలెన్ బ్రన్సన్, మికల్ బ్రిడ్జెస్, జాష్ హార్ట్, ఓజీ అనునోబీ, కార్ల్-ఆంథొనీ టౌన్స్. కోచ్ టామ్ థిబొడో. స్టార్టర్లను అరగదీస్తాడని పేరున్న కోచ్. ఆయన చేతిలో కూడా ఆ ఐదుగురూ కలిసి ఆడింది దాదాపు 940 నిమిషాలు. అంటే ఎంత? నాలుగో వంతు కూడా కాదు. మళ్లీ చెప్తాను, నాలుగో వంతు కూడా కాదు. అది లీగ్‌లోనే పెద్ద లెక్క. మిగతా జట్ల స్టార్టింగ్ ఫైవ్ అంతకన్నా తక్కువే.

మరి మిగిలిన మూడు వంతుల కాలం ఎవరు ఆడుతున్నారు? దాని మీద మనం ఎందుకు నోరు మెదపం?

ఇంకో లెక్క. ఇది కోచ్‌ల లెక్క. కోర్టు మీద ఎప్పుడూ ఐదుగురు ఉంటారు, 48 నిమిషాలు ఉంటారు. ఐదు నలభై ఎనిమిదులు 240. ప్రతి మ్యాచ్‌కీ కోచ్ చేతిలో ఉండేది ఈ 240 నిమిషాలే. అంతకన్నా ఒక్క నిమిషం ఎక్కువ రాదు. మీ ఐదుగురు స్టార్టర్లకీ తలా 34 నిమిషాలు ఇచ్చారనుకోండి. 170 అయిపోయాయి. మిగిలింది 70. ఆ 70ని నలుగురికి పంచితే ఒక్కొక్కరికి పదిహేనో, పద్దెనిమిదో, ఇరవయ్యో వస్తాయి. ఐదుగురికి పంచితే ఇంకా తగ్గుతాయి. ఇక్కడే చాలామంది వాదన కుప్పకూలుతుంది. "ఆ కుర్రాడికి ఇరవై ఐదు నిమిషాలు ఇవ్వాలి" అంటారు. ఇవ్వండి, తప్పకుండా ఇవ్వండి. ఎవరి దగ్గర నుంచి తీసి ఇస్తారు? ఆ పేరు కూడా చెప్పండి. ఆ పేరు చెప్పకపోతే అది వాదన కాదు, కోరిక.

అందుకే ఎవరైనా రొటేషన్ గురించి, అంటే ఎవర్ని ఎప్పుడు దింపి ఎప్పుడు తీయాలన్న దాని గురించి, వాదనకి దిగితే నేను ముందు కాగితం ఇస్తాను. పేర్లు రాయండి, పక్కన నిమిషాలు రాయండి, కూడితే 240 రావాలి. చాలామందికి 270, 280 వస్తాయి. అక్కడితో కోచ్ మీద కోపం సగం తగ్గిపోతుంది.

అయితే, ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. స్టార్ట్ చేయడం అంటే ఉత్త లాంఛనం అని కొట్టిపారేస్తే ఆటగాళ్లు ఊరుకోరు. వాళ్లకి అది పరువు. కొందరికి అది డబ్బు కూడా. చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్తాను. రూకీగా, అంటే లీగ్‌లోకి కొత్తగా వచ్చినప్పుడు చేసుకున్న కాంట్రాక్టు అయిపోయి రెస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్ (వేరే జట్టు పిలిచినా, పాత జట్టు అంతే ఇచ్చి అట్టేపెట్టుకోగల ఆటగాడు) అయ్యే కుర్రాడికి జట్టు క్వాలిఫయింగ్ ఆఫర్, అంటే ఒక ఏడాది కాంట్రాక్టు ఆఫర్, ఇవ్వాలి. ఆ ఆఫర్ ఎంతన్నది లెక్కగట్టడంలో 'స్టార్టర్' కొలత ఒకటి ఉంది. 41 మ్యాచ్‌లు స్టార్ట్ చేశాడా, లేదా 2,000 నిమిషాలు ఆడాడా అని చూస్తారు. దాన్ని బట్టి ఆ మొత్తం పెరగొచ్చు, తగ్గొచ్చు. మీరు ఆ కుర్రాడు అయితే, మీ ఏజెంట్ ఫోన్ చేసి "నలభై దగ్గర ఆగిపోయావు" అంటే, మీకు టెన్షన్ రాదా? కాబట్టి "ఎవరు స్టార్ట్ చేస్తే ఏముంది" అని తేలిగ్గా అనడం మనకి కుదురుతుంది, వాళ్లకి కుదరదు.

పరువు సంగతికొస్తే కథలు బోలెడు. అలెన్ ఐవర్సన్ 2009లో మెంఫిస్‌కి వెళ్లాడు. బెంచ్ నుంచి రమ్మన్నారు. మూడే మూడు మ్యాచ్‌లు ఆడాడు, మూడూ బెంచ్ నుంచే, తర్వాత వెళ్లిపోయాడు. సీజన్ అత్యుత్తమ ఆటగాడికిచ్చే ఎంవీపీ అందుకున్న మనిషి. 2017లో కార్మెలో ఆంథొనీ ఓక్లహోమా సిటీకి వచ్చినప్పుడు, బెంచ్ నుంచి ఆడతారా అని విలేకరి అడిగితే, "ఎవరు, నేనా?" అని నవ్వేశాడు. ఆ వీడియో మీరంతా చూసే ఉంటారు.

దీనికి రెండో వైపు క్లే థాంప్సన్. 2024 ఫిబ్రవరిలో యూటా మీద మ్యాచ్. తన రూకీ సీజన్ తర్వాత తొలిసారి బెంచ్ నుంచి వచ్చాడు. నాలుగు టైటిళ్లు గెలిచిన ఆటగాడు. ఆయన చోటులో స్టార్ట్ చేసింది ఒక రూకీ, బ్రాండిన్ పొజెమ్‌స్కీ. లోపల ఎంత కష్టంగా ఉండి ఉంటుందో ఊహించుకోండి. ఏం చేశాడు? 35 పాయింట్లు కొట్టాడు. వాదించి కాదు, కొట్టి చూపించాడు. అలా అని అందరూ 35 కొడతారనుకోకండి. అది వేరే సంగతి.

సరే, బెంచ్ అంటే శిక్ష అనే భావం ఎక్కడ నుంచి వచ్చిందో గానీ, ఆట చరిత్రలో మాత్రం అలా మొదలవలేదు. బోస్టన్ సెల్టిక్స్ కోచ్ రెడ్ ఆవర్‌బాక్ 1950ల్లోనే ఒక మంచి ఆటగాణ్ని కావాలనే కూర్చోబెట్టేవాడు. మొదట ఫ్రాంక్ రామ్సీ, తర్వాత జాన్ హావ్లిచెక్. ఎందుకు? అవతలి జట్టు అలిసిపోయి తన రెండో రకం ఆటగాళ్లని దింపే సమయానికి, ఈయన అలుపు లేని మొదటి రకం ఆటగాణ్ని దింపేవాడు. అంతే కిటుకు. హావ్లిచెక్ సామాన్యుడా? 26,395 పాయింట్లు, ఇవాళ్టికీ సెల్టిక్స్ చరిత్రలో ఆయనదే అత్యధికం. బెంచ్ నుంచి వచ్చే అత్యుత్తమ ఆటగాడికిచ్చే సిక్స్త్ మ్యాన్ అవార్డు 1982-83లో మొదలైంది, తొలిసారి ఫిలడెల్ఫియా ఆటగాడు బాబీ జోన్స్‌కి వచ్చింది. ఇప్పుడు ఆ ట్రోఫీకి హావ్లిచెక్ పేరే పెట్టారు.

స్పర్స్ సంగతి చూడండి. మాను జినోబిలి 2007-08లో మ్యాచ్‌కి సగటున 19.5 పాయింట్లు చేశాడు. టిమ్ డంకన్, టోనీ పార్కర్ ఉన్న జట్టులో అందరికన్నా ఎక్కువ. ఎక్కువ మ్యాచ్‌లు బెంచ్ నుంచే. ఆ ఏడాది సిక్స్త్ మ్యాన్ అవార్డు ఆయనదే. ఇప్పుడు చెప్పండి, ఆ జట్టులో జినోబిలి ఆరో ఆటగాడా? కాగితం మీద ఆరో వాడు. చివరి నాలుగు నిమిషాల్లో బంతి ఎవరి చేతిలో ఉండేది? ఆయన చేతిలోనే.

ఓక్లహోమా సిటీలో 2011-12లో జేమ్స్ హార్డెన్ కూడా అంతే. షూటింగ్ గార్డ్‌గా స్టార్ట్ చేసేది థాబో సెఫలోషా, డిఫెన్స్ మనిషి. మ్యాచ్ ముగించేది హార్డెన్. ఆ తర్వాత హ్యూస్టన్ వెళ్లి 2018లో ఎంవీపీ అయ్యాడు. తెర లేవగానే వేదిక మీద నిలబడినవాడే కథానాయకుడు అనుకుంటే నాటకం అర్థం కాదు కదా, ఇదీ అంతే.

కాబట్టి స్టార్టింగ్ ఫైవ్ కన్నా క్లోజింగ్ ఫైవ్, అంటే మ్యాచ్ ముగించే ఐదుగురు, ముఖ్యం. ఈ మాట మీరు ఇదివరకే విని ఉంటారు, టీవీలో కామెంటేటర్లు రోజూ చెప్తారు. నేను ఇంకో అడుగు ముందుకు వేస్తాను. క్లోజింగ్ ఫైవ్ కన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. మీ జట్టులో అందరికన్నా గొప్ప ఆటగాడు కూర్చునే ఆ పన్నెండు నిమిషాలు.

ఎందుకు పన్నెండు? గొప్ప ఆటగాడు మామూలుగా 36 నిమిషాలు ఆడతాడు. కొంచెం ఇటూ అటూ. 48లో 36 పోతే పన్నెండు. విల్ట్ చాంబర్లేన్ 1961-62లో సగటున 48.5 నిమిషాలు ఆడాడు, ఓవర్‌టైమ్‌లతో కలిపి. అంటే ఆయన దాదాపు కూర్చోనే లేదు. ఆ కాలం వేరు, ఆ మనిషి వేరు. ఇప్పుడు ఎవరూ అలా ఆడరు, ఆడనివ్వరు. కాబట్టి ప్రతి కోచ్‌కీ ప్రతి రాత్రీ పన్నెండు నిమిషాల గండం తప్పదు.

డెన్వర్ అభిమానులు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? ఉన్నారు, మొహం చూస్తేనే తెలుస్తోంది. నికోలా యోకిచ్ కోర్టు మీద ఉన్నంతసేపు డెన్వర్ ఒక జట్టు. ఆయన కూర్చోగానే ఇంకో జట్టు. ఎనిమిది పాయింట్ల ఆధిక్యం పట్టుకొచ్చి ఇస్తాడు, కూర్చుని నీళ్లు తాగి లేచేసరికి రెండు అయి ఉంటుంది. 2023లో వాళ్లు టైటిల్ ఎలా గెలిచారు? యోకిచ్ గొప్పగా ఆడాడు, నిజమే. అంతకుముందు కూడా గొప్పగానే ఆడాడు కదా. ఆ ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ తర్వాతి నాకౌట్ సిరీస్‌లలో, కోచ్ మైకేల్ మలోన్ చేసిన పని ఏమిటంటే, యోకిచ్ కూర్చున్నప్పుడు మామూలు బ్యాకప్ సెంటర్ని (రింగు దగ్గర ఆడే పొడగరిని) దింపడం తగ్గించేసి, ఫార్వర్డ్ ఆరన్ గోర్డన్‌ని సెంటర్‌గా నిలబెట్టాడు. అంటే స్టార్టర్లలో ఒకణ్ని బెంచ్ వాళ్లతో కలిపి ఆడించాడు. బెంచ్ నుంచి బ్రూస్ బ్రౌన్ లాంటివాళ్లు తోడయ్యారు. ఆ నిమిషాల్లో గొప్పగా గెలవక్కర్లేదండీ. ఓడకుండా ఉంటే చాలు. మిగతాది యోకిచ్ చూసుకుంటాడు.

ఇప్పుడు అసలు లెక్కకి వద్దాం. ఇది కాస్త నెమ్మదిగా చెప్తాను, ఎందుకంటే ఇవాళ్టి మాటల్లో ఇదొక్కటి గుర్తుంటే నాకు చాలు. మీ జట్టులో ఇద్దరు స్టార్లు ఉన్నారనుకోండి. ఇద్దరూ చెరో 36 నిమిషాలు ఆడతారు. మీకు రెండు దారులు. మొదటి దారి, ఇద్దర్నీ కలిపే దింపి కలిపే తీసేయడం. అప్పుడు 36 నిమిషాలు ఇద్దరూ ఉంటారు, 12 నిమిషాలు ఇద్దరూ ఉండరు. రెండో దారి, వేర్వేరు సమయాల్లో కూర్చోబెట్టడం, అదే స్టాగరింగ్ అంటారు. అప్పుడు 24 నిమిషాలు ఇద్దరూ కలిసి ఉంటారు, 12 నిమిషాలు ఒకడు, 12 నిమిషాలు ఇంకొకడు. ఇద్దరూ లేని నిమిషం? ఒక్కటి కూడా ఉండదు.

వినగానే రెండో దారే మంచిదనిపిస్తుంది, కదా? చాలాసార్లు అదే మంచిది కూడా. కానీ ఉచితంగా రాదు. ఇద్దరూ కలిసి ఉండే సమయం 36 నుంచి 24కి పడిపోయింది. ఆ ఇద్దరూ ఒకరికొకరు పూరకంగా ఉంటే, ఒకడు పాస్ ఇస్తే ఇంకొకడు కొట్టే జంట అయితే, ఆ పన్నెండు నిమిషాలు పోగొట్టుకోవడం నష్టం. ఇద్దరికీ బంతి చేతిలోనే కావాలంటే, ఒకడు ఆడుతుంటే ఇంకొకడు మూలన నిలబడి చూస్తుంటే, అప్పుడు విడదీయడమే లాభం. కాబట్టి "స్టార్లని స్టాగర్ చెయ్యడం రాదా ఈ కోచ్‌కి" అని తిట్టే ముందు, ఆ ఇద్దరూ ఎలాంటి జంట అన్నది చూడాలి.

గోల్డెన్ స్టేట్‌లో స్టీవ్ కెర్ ఎన్నో సీజన్లు ఒకే వరస పాటించాడు. స్టెఫ్ కర్రీ మొదటి క్వార్టర్ మొత్తం ఆడతాడు. రెండో క్వార్టర్ సగం దాకా కూర్చుంటాడు. మూడో క్వార్టర్ మళ్లీ మొత్తం. నాలుగో క్వార్టర్ సగంలో వస్తాడు. పన్నెండు, ఆరు, పన్నెండు, ఆరు. ముప్పై ఆరు. అభిమానులకి తల ప్రాణం తోకకొచ్చేది. నాలుగో క్వార్టర్లో ఆధిక్యం కరిగిపోతుంటే కర్రీ తువ్వాలు కప్పుకుని కూర్చుని ఉంటాడు. "లేపండయ్యా!" అని మనం టీవీ ముందు అరుస్తాం. మరి కెర్ ఎందుకు లేపడు? ఆటగాడికి తను ఎప్పుడు దిగుతాడో, ఎప్పుడు కూర్చుంటాడో తెలిసి ఉంటే ఒంటిని అందుకు తగ్గట్టు సిద్ధం చేసుకుంటాడు. చల్లబడిన కండరాలతో ఎప్పుడు పిలుస్తారో తెలియక కూర్చోవడం వేరు. బెంచ్ వాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. వాడికి దొరికేదే ఆరు నిమిషాలు. ఆ ఆరూ ఎవరితో కలిసి ఆడాలో ముందే తెలిస్తేనే వాడు పనికొస్తాడు.

ఇంకొకటి గమనించారా? కోచ్‌లు తరచూ ఏ సమయానికి ఆటగాళ్లని మారుస్తారు? క్వార్టర్లో ఏడు నిమిషాలు మిగిలిన దగ్గర, మూడు నిమిషాలు మిగిలిన దగ్గర. అది కోచ్ ముహూర్తం కాదు. 2017 నుంచి ప్రతి క్వార్టర్లో ఏడు నిమిషాల లోపు ఒకసారి, మూడు నిమిషాల లోపు ఒకసారి ఆట ఆగినప్పుడు తప్పనిసరి టైమౌట్ ఉంది. దానికి కాస్త ముందు మీ స్టార్‌ని తీసేస్తే, టైమౌట్ సమయం కూడా అతని విశ్రాంతిలో కలిసిపోతుంది. గడియారం మీద రెండు నిమిషాలు, నిజానికి ఐదారు నిమిషాలు. తెలివైన కోచ్‌లు ఇలా దొంగిలించిన నిమిషాలతోనే బతుకుతారు.

ఫౌల్ ట్రబుల్ గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. ఎన్‌బీఏలో ఆరు ఫౌల్స్‌కి బయటికి. మొదటి క్వార్టర్లో రెండు పడగానే కోచ్ కంగారుపడి స్టార్‌ని తీసేస్తాడు. ఎందుకు? ఆరు ఫౌల్స్ అయితే ఆడలేడేమోనని. అయ్యా, ఆడలేడేమోనని భయపడి మీరే ఆడనివ్వకపోతే, రిఫరీ వేయాల్సిన శిక్ష మీరే వేసినట్టు కదా? చాలామంది ఆటగాళ్లు ఆ మ్యాచ్ మూడు ఫౌల్స్‌తోనే ముగిస్తారు. నా మటుకు నాకు, ఇది కోచ్‌లు అలవాటు కొద్దీ చేసే పని.

ఇప్పుడు మీరంతా ఎదురుచూస్తున్న చోటికి వద్దాం. ఏడింట్లో నాలుగు గెలవాల్సిన ఫైనల్స్ మధ్యలో లైనప్ మార్చడం.

2011. డల్లాస్, మయామి. డల్లాస్ 2-1తో వెనకబడింది. కోచ్ రిక్ కార్లైల్ నాలుగో మ్యాచ్‌లో డిషాన్ స్టీవెన్‌సన్ చోటులో పొట్టి గార్డ్ జె.జె. బరేయాని స్టార్ట్ చేయించాడు. వరసగా మూడు గెలిచారు, టైటిల్ వాళ్లదే. 2014. స్పర్స్, మయామి. సిరీస్ 1-1. గ్రెగ్ పాపవిచ్ మూడో మ్యాచ్‌లో టియాగో స్ప్లిటర్ బదులు బోరిస్ డియావ్‌ని దింపాడు. వరసగా మూడు గెలిచారు. 2015. వారియర్స్, క్లీవ్‌లాండ్. వారియర్స్ 2-1తో వెనక. నాలుగో మ్యాచ్‌లో కెర్ తన సెంటర్ ఆండ్రూ బోగట్‌ని కూర్చోబెట్టి ఆండ్రే ఇగ్వడాలాని స్టార్ట్ చేయించాడు. వరసగా మూడు. ఇగ్వడాలాయే ఫైనల్స్ ఎంవీపీ.

ఈ 2015 కథ కాస్త ఆగి చెప్పాలి. ఇగ్వడాలా ఆ సీజన్‌కి ముందు తన కెరీర్లో ఆడిన 758 మ్యాచ్‌లూ స్టార్టర్‌గానే ఆడాడు. కెర్ కొత్త కోచ్‌గా వచ్చి, కుర్రాడు హారిసన్ బార్న్స్‌ని స్టార్ట్ చేయిస్తాను, నువ్వు బెంచ్ నుంచి రా అన్నాడు. ఒప్పుకున్నాడు. ఆ సీజన్లో ఆ నాలుగో మ్యాచ్ దాకా ఒక్కటి కూడా స్టార్ట్ చేయలేదు. జట్టు 67 మ్యాచ్‌లు గెలిచింది. ఇక ఈ మార్పు ఆలోచన ఎవరిదో తెలుసా? హెడ్ కోచ్‌ది కాదు, పెద్ద అసిస్టెంట్ కోచ్‌ది కూడా కాదు. నిక్ యురెన్ అనే యువ సహాయకుడిది. ఆయన పాత వీడియోలు తిరగేస్తూ, ముందు ఏడాది డియావ్ మార్పు చూసి, మనం కూడా చిన్న లైనప్‌తో వెళ్దాం అన్నాడు. కెర్ విన్నాడు. మ్యాచ్‌కి ముందు విలేకరులు అడిగితే లైనప్ మార్చడం లేదని చెప్పాడు, తర్వాత అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాడు.

మ్యాచ్ మొదలైంది. ఏమైంది? క్లీవ్‌లాండ్ 7-0. అక్కడ ఆపండి. ఆ క్షణంలో మనం ఉంటే ఏమనేవాళ్లం? "చెప్పానా! సెంటర్ లేకుండా ఎవడైనా ఆడతాడా?" అనేవాళ్లం. అనేవాళ్లమా లేదా? చివరికి స్కోరు 103-82. వారియర్స్ ఇరవై ఒక్క పాయింట్ల తేడాతో గెలిచారు.

సరే, ఈ మూడు కథలూ వింటే ఏమనిపిస్తుంది? లైనప్ మార్చితే మూడు వరసగా గెలుస్తారు అనిపిస్తుంది. ఇక్కడే జాగ్రత్త. మార్చి గెలిచినవాళ్లనే మనం గుర్తుపెట్టుకుంటాం. మార్చి ఓడినవాళ్ల కథ ఎవరు చెప్తారు?

నేను చెప్తాను. 2025 ఈస్టర్న్ కాన్ఫరెన్స్ ఫైనల్స్, అసలు ఫైనల్స్‌కి ముందు మెట్టు. నిక్స్, ఇండియానా. మొదట్లో చెప్పానే, లీగ్‌లో అందరికన్నా ఎక్కువ ఆడిన ఆ ఐదుగురు? రెండు మ్యాచ్‌లు ఓడాక థిబొడో మూడో మ్యాచ్‌లో జాష్ హార్ట్‌ని బెంచ్‌కి పంపి మిచెల్ రాబిన్సన్‌ని స్టార్ట్ చేయించాడు. ఆ మార్పు గురించి హార్ట్ తనే కోచ్‌తో మాట్లాడాడు, అది అతని గొప్పతనం. ఆ మ్యాచ్ గెలిచారు, 106-100. సిరీస్ మాత్రం ఆరు మ్యాచ్‌ల్లో ఇండియానాది. కొద్ది రోజులకే థిబొడో ఉద్యోగం పోయింది.

అదే ఏడాది ఫైనల్స్. ఓక్లహోమా సిటీ మొదటి మ్యాచ్‌లోనే సెంటర్ ఐజెయా హార్టెన్‌స్టైన్‌ని తీసి కేసన్ వాలెస్‌ని స్టార్ట్ చేయించింది. ఇండియానా వేగాన్ని అందుకోవాలని. 0.3 సెకన్లు ఉండగా టైరీస్ హాలిబర్టన్ షాట్ వేశాడు, 111-110, మ్యాచ్ పోయింది. నాలుగో మ్యాచ్‌కి హార్టెన్‌స్టైన్ మళ్లీ స్టార్టర్. ఏడు మ్యాచ్‌లు ఆడి టైటిల్ గెలిచారు. ఇప్పుడు చెప్పండి, మార్చడం తప్పా, తిరిగి మార్చడం ఒప్పా? నాకైతే రెండూ సరైన నిర్ణయాలే అనిపిస్తాయి. ఒక్క షాట్‌తో ఓడిన మ్యాచ్‌ని పట్టుకుని లైనప్‌ని ఉరి తీయలేం.

దీంట్లోంచే ప్లస్-మైనస్ సంగతి, అంటే వాళ్లు కోర్టు మీద ఉన్నప్పుడు జట్టు చేసిన పాయింట్లలోంచి అవతలి జట్టు పాయింట్లు తీసేస్తే వచ్చే లెక్క. ఈమధ్య వాదనల్లో అందరూ దీన్నే ఆయుధం చేసుకున్నారు. "ఈ ఐదుగురు ప్లస్ పన్నెండు, ఆ ఐదుగురు మైనస్ నాలుగు" అంటారు. ఎన్ని నిమిషాల్లో అని అడిగితే, వంద. వంద నిమిషాలంటే సుమారు రెండు వందల పొసెషన్లు, అంటే జట్టు చేతికి బంతి వచ్చిన సార్లు. ఆ రెండు వందల్లో అదృష్టం కొద్దీ ఐదు త్రీ-పాయింటర్లు ఎక్కువ పడ్డాయనుకోండి. పదిహేను పాయింట్లు. వంద పొసెషన్లకి లెక్కగడితే ఏడున్నర. ఏడున్నర అంటే మామూలు జట్టుకీ టైటిల్ గెలిచే జట్టుకీ ఉండే తేడా! ఐదు షాట్లు రింగు తగిలి లోపలికి పడ్డాయా, బయటికి పడ్డాయా అన్న దాంతో మీ లైనప్ ఆణిముత్యం అవుతుంది, లేదా చెత్త అవుతుంది. పది మంది ఆటగాళ్ల నుంచి ఐదుగురిని 252 రకాలుగా ఎంచుకోవచ్చు. అన్నిటికీ సరిపడా నిమిషాలు ఏ సీజన్లోనూ దొరకవు. అందుకే నేను ఐదుగురి లెక్క కన్నా ఇద్దరి లెక్క చూస్తాను. ఈ గార్డు, ఈ సెంటర్ కలిసి ఉన్నప్పుడు ఎలా ఉంది, ఒకడు లేనప్పుడు ఎలా ఉంది. ఇద్దరి జంటకి నిమిషాలు ఎక్కువ దొరుకుతాయి, కాబట్టి అది కాస్త నమ్మదగ్గది. కాస్తే.

ఇక ఆఖరిది. ప్లేఆఫ్స్‌లో రొటేషన్ కుదించాలా, వద్దా? రివాజు ఏమిటంటే పది మందిని ఎనిమిదికి తగ్గిస్తారు. మ్యాచ్‌ల మధ్య సెలవులు ఎక్కువ కాబట్టి స్టార్లు నలభై నిమిషాలు ఆడగలరు. మరీ ముఖ్యంగా, ప్లేఆఫ్స్‌లో బలహీనమైన డిఫెండర్ ఎవడైనా కోర్టు మీద ఉంటే అవతలి జట్టు ప్రతిసారీ వాణ్నే వెతికి ఆడుతుంది. సీజన్లో ఇరవై నిమిషాలు బాగానే ఆడినవాడు ఏప్రిల్, మే నెలల్లో మాయమవడానికి కారణం అదే, కోచ్‌కి వాడి మీద పగ కాదు.

కానీ 2025లో ఇండియానా దీన్ని తిరగేసింది. రిక్ కార్లైల్, అదే డల్లాస్ కార్లైల్, తొమ్మిది, పది మందిని దింపుతూనే ఉన్నాడు. మొత్తం 48 నిమిషాలూ పరిగెత్తించాడు. టి.జె. మెకానెల్ అనే బ్యాకప్ గార్డ్ బెంచ్ నుంచి వచ్చి స్టార్టర్లు అలిసిపోయిన వేళ రెట్టింపు వేగంతో ఆడేవాడు. ఆవర్‌బాక్ కిటుకే, వేగం పెంచి. అందరూ అలా చేయగలరా? చేయలేరు. జట్టు ఏడాది పొడవునా ఆ వేగానికి అలవాటు పడి ఉండాలి, తొమ్మిదో వాడికి జనవరిలోనే నిమిషాలు ఇచ్చి ఉండాలి. మే నెలలో బెంచ్ కావాలనుకుంటే మే నెలలో దొరకదు.

ప్రశ్నలు ఉంటే ఇప్పుడు అడగండి. ఆ, మీరు... "ఒక్క మ్యాచ్ చూసి కోచ్ రొటేషన్ మంచిదో కాదో ఎలా చెప్పాలి?" అంటున్నారు. ఒక్క మ్యాచ్ చూసి చెప్పకండి. ఒక వారం మ్యాచ్‌లు చూడండి. స్టార్ కూర్చున్న నిమిషానికి స్కోరు రాసుకోండి, తిరిగి లేచిన నిమిషానికి స్కోరు రాసుకోండి. ఆ మధ్యలో కోర్టు మీద బంతి తీసుకెళ్లగలిగినవాడు ఒక్కడైనా ఉన్నాడా, రింగు దగ్గర కాపలా ఉండేవాడు ఒక్కడైనా ఉన్నాడా చూడండి. రెండూ లేకుండా ఐదుగురిని వదిలేశాడంటే అప్పుడు కోచ్‌ని తిట్టండి, నేనూ మీతో కలిసి తిడతాను. ఇంకెవరైనా? వెనక ఆ తమ్ముడు చాలాసేపట్నుంచి చెయ్యి ఎత్తి ఉన్నాడు, మైకు అటు ఇవ్వండి.